గొడవ ఆగిపోయే చోట పాట పెట్టకండి

మీ ప్రశ్నను ముందు ఒక్క ముక్కలో చెప్పుకుందాం, తర్వాత చదివేవాళ్లకూ పనికొస్తుంది. చెన్నై టి.నగర్‌లో ఒకే మేడ మీద ఎదురెదురు వాటాల్లో అద్దెకుండే ఇద్దరు తెలుగువాళ్ల కథ. అమ్మాయికి ఓఎంఆర్‌లో ఐటీ ఉద్యోగం, అబ్బాయి పాండీబజార్‌లో మేనమామ చీరల కొట్టు చూసుకుంటాడు. నీళ్ల లారీ దగ్గర మొదలైన తగువు ప్రేమ దాకా వెళ్తుంది. సినిమాలో ఐదు పాటలు. తెలిసినవాళ్లకు వేసి చూపిస్తే కామెడీకి బాగా నవ్వారు, పాట రాగానే మాత్రం ఫోన్లు తీశారు. పాటలు మార్చాలా, తీసేయాలా, మధ్యలో ఒక పాత తెలుగు పాట వాడుకోవచ్చా అని మీ సందేహం. ఒక పాట ఇంకా షూట్ చేయలేదన్నారు, అది మంచిదే.

సాలిగ్రామం, వడపళని చుట్టుపక్కల రికార్డింగ్ థియేటర్లలో చాలా ఏళ్లు మ్యూజిక్ ఎడిటింగ్ చేశాను కాబట్టి, మీరు అన్నా అని పిలిచారు కాబట్టి, మొహమాటం లేకుండా చెబుతాను. మీరు పెట్టిన ఐదు ట్యూన్లూ విన్నాను. ఒక్కటీ తీసిపారేసేది కాదు. రెండోదైతే చాలా బాగుంది, ట్యూన్లు కట్టిన కుర్రాడికి నా తరఫున చెప్పండి. తేడా కొట్టింది ట్యూన్లలో కాదు. మీ కథను నడిపేది గొడవ, పాట మొదలవగానే ఆ గొడవ ఆగిపోతోంది. ఇద్దరూ స్లో మోషన్‌లో నవ్వుకుంటూ మెరీనాలో నడుస్తారు, పాట అయ్యాక మళ్లీ మోటారు స్విచ్ ఎవరు వేశారని కొట్లాడుకుంటారు. చూసేవాడికి ఈ నాలుగు నిమిషాలతో కథకు పని లేదని ఇట్టే తెలిసిపోతుంది. ఫోన్ తీయక ఏం చేస్తాడు?

యాక్షన్ సినిమాలో పాట ఊపిరి తీసుకోవడానికి పనికొస్తుంది. ఏడిపించే ప్రేమకథలో మనసు విప్పి చెప్పుకోవడానికి పనికొస్తుంది. రొమాంటిక్ కామెడీలో ఈ రెండూ కుదరవు. ఇక్కడ ఇద్దరికీ ప్రేమ ఉందన్న సంగతి హాల్లో అందరికీ తెలుసు, తెలియనిది ఆ ఇద్దరికే. పాట ఆ తేడాను కాపాడాలి. పాటలో వాళ్లు ప్రేమ ఒప్పేసుకుంటే, తర్వాత సీనులో వాళ్లు కొట్లాడుకున్నా ఎవరూ నమ్మరు.

దీనికి నాకు తెలిసిన గొప్ప పాఠం 1955లో ఇక్కడే, వడపళనిలో తయారైంది. విజయా వారి మిస్సమ్మ. దర్శకుడు ఎల్.వి.ప్రసాద్, సంగీతం సాలూరు రాజేశ్వరరావు, పాటలు పింగళి నాగేంద్రరావు. ఉద్యోగం కోసం ఒక క్రైస్తవ అమ్మాయి, ఒక హిందూ అబ్బాయి మొగుడూ పెళ్లాలమని అబద్ధమాడి జమీందారు బడిలో పంతులు, పంతులమ్మగా చేరతారు. ఇద్దరికీ క్షణం పడదు. ఇలాంటి కథలో వెన్నెల్లో యుగళగీతం పెట్టాలంటే ఎలా పెడతారు? మామూలుగా అయితే ఒక కలగనిపించి పెట్టేస్తారు. వాళ్లు అలా చేయలేదు. "రావోయి చందమామ" మళ్లీ ఒకసారి పెట్టుకుని, సాహిత్యం మీదే మనసు పెట్టి వినండి. అది ప్రేమ పాట కాదు, ఫిర్యాదు. అతను చంద్రుణ్ణి పిలిచి మా వింత కథ వినమంటాడు, ఆమె మతం ఆమెది, ఇద్దరికీ పడదంటాడు. ఆమె కూడా ఆ చంద్రుడికే చెప్పుకుంటుంది: నాతో తగవు పెట్టుకోవడమే ఇతనికి ముచ్చటేమో, ఈ కాపురం ఎట్లా సాగుతుందో నువ్వే ఒక కంట చూడు అని. పాట మొత్తంలో ఒకరితో ఒకరు ఒక్క తీపి మాట అనుకోరు.

ట్యూన్ సంగతికొస్తే, ఎ.ఎం.రాజా, పి.లీల గొంతుల్లో అది జోలపాటంత మెత్తగా సాగుతుంది. మాటలు దెబ్బలాడుకుంటున్నాయి, స్వరాలు మాత్రం అప్పుడే కాపురం పెట్టేశాయి. ఆమె చరణం పాడినా అతను చరణం పాడినా వరస ఒకటే, ఒకరు ఆపిన చోట రెండోవాళ్లు అందుకుంటారు. వాళ్లకు తెలియని ప్రేమను మనకు చెబుతున్నది రాజేశ్వరరావు. ఈ పని డైలాగు చేయలేదు, నటన కూడా కొంతవరకే చేయగలదు. పాటకే సాధ్యం.

ఆ సినిమాలోనే ఇంకో ఎత్తు ఉంది. "తెలుసుకొనవె యువతి" అని అతను ఆడవాళ్లు ఎలా నడుచుకోవాలో నీతులు చెబుతూ పాడతాడు. అదే వరసలో ఆమె "తెలుసుకొనవె చెల్లి" అంటూ మగవాళ్ల సంగతి చెబుతుంది. కొత్త ట్యూన్ కట్టాల్సిన పని లేకుండానే గొడవ ఒక మెట్టు పైకెక్కింది. ఎదుటివాడి ట్యూన్‌తోనే ఎదుటివాణ్ణి కొట్టడం అంతకంటే బాగా ఇంకెవరైనా చేశారా అంటే నాకు వెంటనే గుర్తు రావడం లేదు.

ఆ సినిమాలోదే "ఆడువారి మాటలకు అర్థాలే వేరులే" ఎంత గట్టి పాటంటే, 2001లో ఖుషిలో మణిశర్మ దాన్ని కొత్త వాద్యాలతో మళ్లీ తెచ్చాడు, 2007లో ఒక సినిమాకు ఏకంగా పేరైంది. ట్యూన్‌కు దండం పెట్టండి గానీ, అందులోని ఆలోచన మాత్రం ఇప్పుడు అరువు తెచ్చుకోకండి. ఆడపిల్ల కాదంటే ఔనని అర్థం అనే మాట ఇవాళ హాల్లో సగం మందికి ఒళ్లు మండిస్తుంది, మండాలి కూడా. మీ నాలుగో పాట పల్లవి అటే పోతోంది, చూసుకోండి.

ఇప్పుడు మీ సినిమాకు వద్దాం. మిస్సమ్మ జంటకు చంద్రుడు దొరికాడు. మీ కథలో ఇద్దరూ వెళ్లి మొర పెట్టుకునే మూడో మనిషి ఎవరు? నాకు కనిపించింది కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు, ఆ తమిళ పాటి, అంటే బామ్మ. ఆమె ఇద్దరి మాటా వింటుంది, తెలుగు సగమే అర్థమవుతుంది, ఎవరికీ తీర్పు చెప్పదు. మీ రెండో పాటను అక్కడికి తీసుకెళ్లండి. ఒక చరణం అమ్మాయి పాటి వంటింటి గుమ్మంలో నిలబడి చెప్పే ఫిర్యాదు: సంపులో నీళ్లన్నీ అతని బాల్చీల్లోకే పోతున్నాయని, అర్ధరాత్రి మోటారు వేస్తాడని. రెండో చరణం అబ్బాయి మందుల చీటీ తెచ్చి ఇస్తూ చెప్పే ఫిర్యాదు: ట్యాంకు పొంగి కొట్టుకు తీసుకెళ్లాల్సిన చీరల మూట తడిసిందని. వరస మాత్రం మీ కుర్రాడు కట్టిన ఆ మెత్తనిదే ఉంచండి, స్వరం కూడా మార్చొద్దు. సాహిత్యం మారితే చాలు, మెరీనా షాట్లు వాటంతటవే ఎగిరిపోతాయి.

మీ రచయితకు సిచ్యుయేషన్ చెప్పేటప్పుడు "లవ్ డ్యూయెట్" అనే మాట వాడకండి. ఆ మాట చెవిన పడిందంటే కళ్లు, కలలు, వెన్నెల, గుండె చప్పుడు వరసగా దిగుతాయి, ఆయన తప్పేం లేదు. "ఇద్దరూ పాటి దగ్గర ఒకరి మీద ఒకరు చాడీలు చెబుతున్నారు" అని చెప్పండి. బకెట్, మోటారు, లారీ, చీటీ, చీరల మూట లాంటి వస్తువుల చీటీ ఒకటి రాసి చేతికివ్వండి. డమ్మీ లిరిక్స్, అంటే ట్యూన్‌కు తాత్కాలికంగా వేసే మాటల దశలోనే ఈ మాటలు ట్యూన్‌లో కూర్చోవాలి. చాలా సిట్టింగుల్లో తత్తకారాలతో ట్యూన్ ఓకే అయిపోతుంది, తర్వాత రచయిత అందులోకి మాటలు కుక్కలేక నానా తంటాలు పడతాడు. కామెడీ సాహిత్యానికి పొట్టి మాటలు, విరుపులు కావాలి. సాగే ట్యూన్‌లో "మోటారు" అన్న మాట ఎక్కడ విరుగుతుందో ముందే చూసుకోకపోతే నవ్వు చచ్చిపోతుంది.

నడక గురించి కాస్త లెక్క. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, అంటే నిమిషానికి 1440. టెంపో, అంటే నిమిషానికి బీట్లు, 120 పెడితే ఒక్కో బీటుకు సరిగ్గా 12 ఫ్రేములు. 96కి 15, 90కి 16, 80కి 18. 100 పెడితే 14.4 వస్తుంది, అక్కడ ఎడిటర్‌కి కట్ ఎటూ సరిపోదు, కొంచెం ముందో వెనకో పడుతుంది. మీ రెండో పాట 72లో ఉంది, బీటుకు 20 ఫ్రేములు. లెక్క చక్కగా కుదిరింది గానీ, దాని ముందు సీనులో మీ ఎడిటర్ మాటకు మాట టకటకా కోశాడు. అంత వేగం మీద నుంచి 20 ఫ్రేముల నడకలోకి దిగేసరికి బండి ఆగినట్టే అనిపిస్తుంది. దీనికి ట్యూన్ వేగం పెంచొద్దు. తాళవాద్యాన్ని రెట్టింపు నడకలో వేయించండి. 72 మీద 144 అవుతుంది, బీటుకు 10 ఫ్రేములు. పైన గొంతు నెమ్మదిగానే పాడుతుంది, కింద మృదంగమో కంజీరానో తగువులాడుతూనే ఉంటుంది. నాకైతే కంజీరా ఇష్టం, దాని శబ్దంలోనే ఒక వెటకారం ఉంటుంది. స్ట్రింగ్స్ మాత్రం ఆ పాటలో వద్దు. వయొలిన్లు దిగాయంటే అమ్మాయి క్షమించేసిందని ప్రేక్షకుడు అనేసుకుంటాడు.

పాట ఎలా మొదలవుతుందన్నది ఇంకో పెద్ద విషయం. మీ ఐదు పాటలకూ పల్లవికి ముందు వాద్యాల బిట్ పదిహేను, ఇరవై సెకన్లు ఉంది. ఆల్బమ్‌కు అలాగే ఉంచుకోండి, సినిమాలో కోసేయండి. డైలాగు చివరి మాటే పల్లవి మొదటి మాట కావాలి. అమ్మాయి పాటితో "చూడండి పాటీ" అంటుంది, ఆ "చూడండి" మీదనే పాట ఎత్తుకోవాలి. ముగింపు కూడా అంతే. చివర పల్లవి మూడుసార్లు తిప్పి, ఫేడ్ చేసి, అప్పుడు సీను మొదలుపెట్టడం పాత అలవాటు. రెండో చరణం చివరి మాట పూర్తికాకుండానే తలుపు ధడేలుమని మూయించండి. స్టూడియో నుంచి పాట ఒక్క ఫైలుగా తీసుకోకుండా గొంతు, తాళం, మిగతా వాద్యాలు విడివిడిగా స్టెమ్స్ తీసుకోవడం ఇందుకే. ఎక్కడ గొంతు తగ్గించి డైలాగు పెట్టాలో అప్పుడే మీ చేతిలో ఉంటుంది.

గొంతుల సంగతి. ఈ రకం సినిమాకు ముంబై నుంచి పెద్ద గొంతు తెచ్చి పాడిస్తే పోస్టరు మీద పేరు పడుతుంది గానీ, అప్పటిదాకా చిత్తూరు యాసలో తిట్టిన మీ అమ్మాయి హఠాత్తుగా ఇంకెవరో అయిపోతుంది. 2011లో నందినీ రెడ్డి తీసిన అలా మొదలైందిలో కల్యాణీ మాలిక్ బాణీలకు నిత్యా మీనన్ తనే పాడింది. ఆ పాత్ర మాట్లాడే గొంతూ పాడే గొంతూ ఒకటే కావడం వల్ల పాటలో కూడా ఆ అమ్మాయి అల్లరి చెక్కుచెదరలేదు. మీ హీరోయిన్‌కి శ్రుతి నిలబడుతుందంటే తనచేతే పాడించండి. కొంచెం అటూఇటూ అయినా సరిచేయడానికి ఇప్పుడు సాఫ్ట్‌వేర్లున్నాయి, మరీ నున్నగా చేయకండి అంతే.

ఎన్ని పాటలు ఉంచాలంటే, నేనైతే మూడు. మొదటిది వీధి పాట. నీళ్ల లారీ కోసం వీధంతా క్యూ కట్టే సీను మీకు ఎలాగూ ఉంది. గొడవను ఇద్దరి మధ్య నుంచి వీధిలోకి తీసుకెళ్లే పాటకు మన దగ్గర మంచి వరవడి ఉంది. 1964లో శ్రీధర్ తీసిన కాదలిక్క నేరమిల్లైలో ఉద్యోగం ఊడిన కుర్రాడు యజమాని గుమ్మం ముందు ఊరేగింపుగా పాడే పాట ఇక్కడ చెన్నైలో ఇప్పటికీ ఆర్కెస్ట్రాల్లో మోగుతుంది. మరుసటి ఏడాది ఆ కథే తెలుగులో ప్రేమించి చూడు అయింది, అందులో ఆ సందర్భానికి పి.బి.శ్రీనివాస్ పాడిన "మేడ మీద మేడ కట్టి" మీ ఇంట్లో పెద్దవాళ్లకు వచ్చే ఉంటుంది. సమ్మె నినాదాన్ని పాట చేశారు. రెండోది పాటి దగ్గర ఫిర్యాదు. మూడోది మీరు క్లైమాక్స్ ముందు పెట్టిన ఏడుపు పాట, దాన్ని పూర్తిగా తీసేసి ఇంకోటి చేయండి.

ఏం చేయాలంటే, ఇద్దరూ విడిపోయాక ఫిర్యాదు పాటే మళ్లీ రావాలి. ఈసారి అమ్మాయి చరణం ఉంటుంది, అబ్బాయి చరణం దగ్గర గొంతు ఉండదు, వాద్యాలే నడుస్తాయి. అతను పాడాల్సిన చోటు ఖాళీ. మోటారు వేసేవాడు లేడు, ట్యాంకు పొంగడం లేదు, పాటి దగ్గర చాడీ చెప్పడానికి ఏమీ మిగల్లేదు. కొత్త పాట రాయించి, వాన కురిపించి ఖర్చు చేసినా ఇంత పని జరగదు. మిగిలిన రెండు ట్యూన్లను బిట్ సాంగులుగా, రీరికార్డింగ్‌లో (నేపథ్య సంగీతంలో) వాడుకోండి. ఇంటర్వెల్ అయిన వెంటనే మీరు పాట పెట్టారు. జనం పాప్‌కార్న్ పట్టుకుని చీకట్లో సీట్లు వెతుక్కునే సమయం అది. ప్రాణం పెట్టి చేసిన పాటను అక్కడ పెట్టకండి.

ఇక పాత పాట హక్కులు. దీని మీద జనంలో ఉన్న అపోహలు అన్నీ ఇన్నీ కావు. "పది సెకన్లు వాడుకుంటే పర్లేదు" అనే రూలు మన కాపీరైట్ చట్టంలో ఎక్కడా లేదు. "పెళ్లిళ్లలో వేస్తున్నారు కదా" అంటారు. పెళ్లికి, పెళ్లి ఊరేగింపుకు 1957 చట్టం 52వ సెక్షన్‌లో మినహాయింపు ఉంది, అది నిజం పెళ్లికే, మీరు తీసే పెళ్లి సీనుకు కాదు. "ఐదేళ్లు దాటితే కవర్ చేసుకోవచ్చు", అంటే వేరేవాళ్లచేత మళ్లీ పాడించుకోవచ్చు అంటారు. ఆ వెసులుబాటు షరతులతో పాట రికార్డు చేసి అమ్ముకోవడానికే, సినిమాలో బొమ్మకు జతచేయడానికి కాదు. హీరో స్నానం చేస్తూ పాత పాట కూనిరాగం తీసినా ఆ వరస వాడుకున్నట్టే.

అన్నింటికంటే పెద్ద అపోహ "పాతది కదా, ఫ్రీ". ఒక పాటలో మూడు ఆస్తులుంటాయి: సాహిత్యం, వరస, రికార్డింగ్. రికార్డింగ్‌కు గడువు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. కాబట్టి 1955 నాటి రికార్డింగ్ గడువు 2015 చివరికి తీరిపోయింది. ఇది విని ఎగిరి గంతేయకండి. సాహిత్యానికి, వరసకు గడువు కర్త పోయాక 60 ఏళ్లు. పింగళి 1971లో పోయారు, ఆయన మాటల గడువు 2031 చివరి దాకా ఉంది. రాజేశ్వరరావు 1999లో పోయారు, ఆయన వరస 2059 చివరి దాకా. ఆ హక్కు నిర్మాత వారసుల దగ్గరుందా, ఆడియో కంపెనీ దగ్గరుందా అన్నది పాత ఒప్పంద కాగితాలు చూస్తే గానీ తేలదు. సినిమా, ఓటీటీ, ట్రైలరు, యూట్యూబ్, ఏయే భాషలు, ఎన్నేళ్లు అన్నీ రాసి అనుమతి అడగాలి. చిన్న సినిమా బడ్జెట్‌లో ఇది గట్టి దెబ్బే.

మీకు కావలసింది పాత పాట పరిమళం, గొడవ పడే ఆడపిల్ల గొంతు అయితే, మద్రాసులోనే దానికి గని ఉంది. జావళీలు, అంటే తేలిక నడకలో సాగే పాతకాలపు శృంగార గీతాలు. ధర్మపురి సుబ్బరాయర్ పందొమ్మిదో శతాబ్దపువాడు, తమిళనాట ఉండి తెలుగులో జావళీలు కట్టాడు. "పరులన్న మాట నమ్మవద్దు" ఆయనదే. వాళ్లూ వీళ్లూ చెప్పిన మాటలు నమ్మొద్దని బతిమాలడం, అంటే అచ్చం మీ పాటి వంటింటి గొడవ. ఈ జావళీలు, క్షేత్రయ్య పదాలు వైణికురాలు వీణ ధనమ్మాళ్ కుటుంబం చేతుల్లో బతికి నర్తకి బాలసరస్వతి అభినయం దాకా వచ్చాయి. కర్త పోయి అరవై ఏళ్లు దాటిన జావళికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మైలాపూర్‌లో సంగీతం నేర్చుకునే అమ్మాయిచేత కొత్తగా పాడించి, కంజీరా ఒక్కటి పెట్టి రికార్డు చేసుకోండి. పై వాటాలో అమ్మాయి అది సాధన చేస్తుంటుంది, ఎదురు వాటాలో అబ్బాయి చెవులు మూసుకుంటాడు. షూట్ చేయకుండా మిగిలిన పాట స్థానంలో ఇదే పెట్టమంటాను.

ఇక్కడ ఒక్క మెలిక ఉంది. అన్నమయ్య కీర్తనకు పోదామనుకుంటే జాగ్రత్త. మాటలు పదిహేనో శతాబ్దానివే, కానీ మనం ఇప్పుడు పాడుకునే వరసలు చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటి పెద్దలు కట్టినవి. ఆ వరసకు హక్కు వేరే ఉంటుంది. జావళి అయినా గురువు దగ్గర నేర్చుకున్న పాత పాఠం పాడించాలి. ఎవరో ఈమధ్య ఆల్బమ్‌లో మార్చి పాడినదాన్ని దించకూడదు.

పాడే అమ్మాయితో, కంజీరా వాయించేవాళ్లతో రికార్డింగ్ రోజే కాగితం రాసుకోండి: సినిమాలో, ఆల్బమ్‌లో, సోషల్ మీడియాలో వాడుకుంటామని. మీ సంగీత దర్శకుడితో, రచయితతో ఒప్పందంలో కాపీరైట్ చట్టానికి 2012లో వచ్చిన సవరణ గుర్తుంచుకోండి. హాల్లో సినిమాతోపాటు ఆడేది కాక మిగతా వాడకాల మీద వాళ్లకు వచ్చే రాయల్టీ వాటాను రాయించేసుకోవడం చెల్లదు. ఆ క్లాజు పెట్టి సంతకం చేయించుకుంటే రేపు ఆడియో కంపెనీ లాయరే దాన్ని చూపించి కాగితాలు వెనక్కి పంపుతాడు. తుది కాపీ కాకముందే ఒక లాయరుకు చూపించుకోండి. రెండో పాట సాహిత్యం కొత్తగా రాయించాక, డమ్మీ గొంతుతో ఉన్నా సరే, సీనుతో కలిపి ఇక్కడ పెట్టండి, వింటాను.